వైశాలి కుట్టుపనివాని గోడ

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెరుగని తెలుగువాడు లేడు. కాని యీ సామెత చెప్పినవాడు ఇంటి మరమ్మతు సంగతి మరచినట్లున్నాడు. క్రొత్త యిల్లు కట్టువాడు కాపురము వేరొకచోట నుంచి, సాయంకాలము వచ్చి పని చూచి పోవును. మరమ్మతునకు దిగినవాని కట్టి సౌకర్యము లేదు. పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగనే పైకప్పు విప్పవలెను. చంటిబిడ్డ నిద్రించు గదిలోనే పాతసున్నము గీకవలెను. వృద్ధులైన తల్లిదండ్రుల మంచము నేమూలకు జరుపవలెనో తోచక నిలువవలెను. కూలి మిగుల్చుకొనవలెనని గృహస్థు తానే తాపీ చేతబట్టినచో గృహిణి అక్షేపణ యొకటి, ఇరుగుపొరుగువారి సలహాలు నూరు. రెండు దినముల పని యని మొదలుపెట్టినది రెండు నెలలకును తెమలదు.

ఈ యిక్కట్లు మన కాలపు పట్టణ జీవితమునుండి పుట్టినవని పలువురు తలంతురు. అది సరికాదు. ఈ దేశమున సొంత చేతులతో గోడ పెట్టుకొన్న సామాన్యుని కష్టము రెండువేల యేండ్లకు పూర్వమే గ్రంథమున కెక్కినది. రాజులు కట్టించిన కోటలనుగూర్చియు, గుడులనుగూర్చియు మన చరిత్రకారులు విస్తారముగా వ్రాసిరి. కూలిన గోడను మరల పెట్టుకొన్న పేదవానినిగూర్చి వ్రాసినవారు తక్కువ. ఆ కొరతను కొంతవరకు తీర్చు ప్రాచీన గ్రంథము బౌద్ధుల వినయపిటకము.

వినయపిటకము భిక్షువుల నియమావళి. సింహళమున క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమున పాళీ త్రిపిటకము లిపిబద్ధమైనదని ఆ దేశపు వంశచరిత్రలు చెప్పుచున్నవి. హెర్మన్ ఓల్డెన్‌బర్గ్ పండితుడు 1879–1883 సంవత్సరముల నడుమ దీని మూలమును పరిష్కరించి ముద్రింపించెను. ఈ గ్రంథమున ప్రతి నియమమునకు ముందు, అది యెట్టి సందర్భమున ఏర్పడినదో తెలుపు కథ యొకటి యుండును. కథలన్నియు జరిగినవి జరిగినట్లే యని రుజువు చేయజాలము. అయినను ఆనాటివారు ఏ కష్టములను నిత్యము చూచుచుండిరో అవి యిందు ప్రతిబింబించినవనుటకు సందేహములేదు. ఇందు చుల్లవగ్గమను భాగములో శయనాసనములను గూర్చిన ప్రకరణమంతయు ఇండ్ల సంగతియే.

ఆ ప్రకరణమున వైశాలీ నగరపు కథ యొకటి కలదు. ఆ నగరమున ప్రజలు భిక్షువులకొరకు శ్రద్ధతో గృహములు కట్టించుచుండిరి. అది చూచి దరిద్రుడైన కుట్టుపనివా డొకడు, "వీరందరు నింత శ్రద్ధతో చేయుచున్నారన్న ఇది అల్పకార్యము కాదు, నేనును ఒకటి కట్టెదను" అని తలంచెను. కూలివారిని పెట్టుకొను స్తోమత లేదు. తానే అడుసు త్రొక్కి, ఇటుకలు పేర్చి, గోడ లేవనెత్తెను. సూదిపని తెలిసిన చేతికి ఇటుకపని తెలియదు గదా! గోడ వంకరయై కూలిపోయెను. రెండవసారి కట్టెను, కూలెను. మూడవసారి కట్టెను, మరల కూలెను.

అంతట నాతడు కోపముతో నలుగురిలో ఇట్లు మొరపెట్టెను: వస్త్రములు, భోజనము, ఔషధములు ఇచ్చువారికి ఈ శ్రమణులు ఉపదేశము చేయుదురు, వారి కట్టడములను దగ్గరనుండి చూతురు, నేను బీదవాడను, నాకు చెప్పువాడు లేడు, నా పని చూచువాడు లేడు. ఈ మాట బుద్ధుని చెవిని పడెను. ఆయన కుట్టుపనివానిని నీకేల యీ పని యని మందలింపలేదు, ధనమిచ్చి పంపివేయలేదు. భిక్షువుల సభను పిలిచి, ఇకమీదట ప్రతి కట్టడమునకు ఒక భిక్షువును పర్యవేక్షకునిగా నియమింపవలెనని యనుజ్ఞ యిచ్చెను. ఆ పర్యవేక్షకునికి నవకమ్మికుడని పేరు. సంస్కృతమున నవకర్మికుడందుము. పని త్వరగా ముగియునట్లు చూచుటయు, విరిగినదానిని, పగిలినదానిని బాగుచేయించుటయు నాతని విధి. నియామకమునకు పద్ధతి యున్నది. సమర్థుడైన భిక్షువు సంఘమునకు ప్రతిపాదన చేయును, సమ్మతించువారు మౌనముగా నుందురు, సమ్మతింపనివారు మాటాడవలెను.

ఈ కథలో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఆ కుట్టుపనివాని ఫిర్యాదు ధనము లేదని కాదు. శ్రమకు వెనుదీయువాడును కాడు, మూడుసార్లు కట్టెను. చెప్పువాడు లేడన్నదే యాతని దుఃఖము. గోడ నిలుచునా కూలునా యన్నది ఇటుకలనుబట్టి కాక, దారమునకు గుండు కట్టి నిలువు చూడుమని మొదటి దినముననే చెప్పు మనుష్యుడు దగ్గర నుండుటనుబట్టి తేలుచుండును. సలహా సయితము ఉన్నవానికే చేరుచున్నదన్న సత్యమును ఆ పేదవాడు నిర్భయముగా పలికెను. ఆ కోపమునుండి యొక ఉద్యోగము పుట్టినది.

అదే ప్రకరణమున ఇంటి మరమ్మతు ఒకదానినుండి మరొకదానికి ఎట్లు ప్రాకునో తెలుపు వరుస యొకటి కలదు. ఇల్లు పల్లముగా నుండుటచే నీరు లోనికి వచ్చెను. అరుగు ఎత్తుచేయవలెనని యనుజ్ఞ. ఎత్తుచేసిన అరుగు జారిపోయెను. ఇటుకతోగాని, రాతితోగాని, కొయ్యతోగాని అంచు కట్టవలెనని రెండవ యనుజ్ఞ. అంచు కట్టగా ఎక్కుట కష్టమయ్యెను. మెట్లు కట్టుకొనుడని మూడవది. మెట్లెక్కుచు జారిపడిరి; పట్టుకొనుటకు కమ్మీ పెట్టుడని నాలుగవది. ఇంటి యజమానికి దీనికంటె పరిచితమైన కథ మరొకటి యుండునా? ఒక భిక్షువుపై కప్పునుండి పాము పడెను. ఆతడు భయముతో కేకవేయగా తక్కినవారు పరుగెత్తి వచ్చిరి. నాటినుండి లోకప్పునకు గుడ్డ కట్టుకొన నియమమయ్యెను.

గోడలకు రంగు వేయుటయు నింతే. అన్యమతస్థుల నివాసములలో తెల్లని గోడలు, నల్లని నేలలు, జాజు పూతలు ఉండుటచే ప్రజలు చూడబోవుచుండిరట. భిక్షువులకును ఆ మూడు రంగుల అనుజ్ఞ వచ్చెను. కాని గరుకు గోడకు వెల్ల పట్టలేదు. ఊక కలిపిన మట్టి మెత్తి తాపీతో నునుపు చేయుమనిరి. అప్పటికిని నిలువకున్న, సన్నని మట్టి పూయుమనిరి. జాజు పట్టకున్న తవుడు కలిపిన మట్టి; అదియు చాలకున్న ఆవపిండి, మైనపు నూనె; ఎక్కువైనచో గుడ్డతో తుడుచుట. నల్లరంగునకు వానపాములు పైకి త్రోసిన మెత్తనిమట్టి. సంక్రాంతికి ముందు మన పల్లెలలో ఆడువారు గోడలలికి, జాజు పూసి, ముగ్గులు దిద్దు పద్ధతి నెరిగినవారికి ఈ వివరములు బొత్తిగా క్రొత్తవి కావు. గోడపనిలో ఊకకును, తవుడుకును గల విలువ ఇల్లాండ్రకు గ్రంథములవలన తెలిసినది కాదు.

మరమ్మతు చేయువానికి తోడివారివలన కలుగు కష్టములును వినయమున లేకపోలేదు. సంఘము సయితము ఒక పెద్ద కుటుంబమే గదా! శ్రావస్తిలో పదునేడుగురు భిక్షువులు ఊరి చివర పాడుపడిన యొక పెద్ద విహారమును, వానకాలము అందు గడపుదమని బాగుచేయ మొదలిడిరి. ఆర్వురి ముఠా యని పేరుపడిన భిక్షువులు అది చూచిరి. ఇప్పుడే వెళ్ళగొట్టుదమని కొందరనగా, ఆగుడు, మరమ్మతు ముగియనిండు, తరువాత వెళ్ళగొట్టుదము అని కొందరనిరి. పని ముగిసినది. ఆర్వురు వచ్చి ఈ విహారము మాదని పదునేడుగురి మెడబట్టి గెంటిరి. వారు విలపించిరి. కోపముతో ఒక భిక్షువు మరియొకని సంఘవిహారమునుండి గెంటరాదన్న నియమ మందుండి పుట్టెను. ఉమ్మడి యింటిలో చిన్నతమ్ముడు సున్నము వేసికొన్న గదిని పెద్దబావ వచ్చి యాక్రమించుకొను దృశ్యము మన యెరుకలోనిదే.

యాచన మితిమీరినప్పటి కథ మరింత వినోదకరము. ఆళవి యను చోట భిక్షువులు తమకుతామే కుటీరములు కట్టుకొనుచు, మనిషి నిండు, ఎద్దు నిండు, బండి నిండు, గొడ్డలి యిండు, పార యిండు, గడ్డి యిండు, మట్టి యిండు అని యూరివారి నడుగుచుండిరి. ప్రజలు విసిగి, భిక్షువు కనబడినచో తలుపు మూసికొనుటకును, మరియొక దారిని పోవుటకును మొదలిడిరి. తుదకు దూరమున ఆవులు కనబడినను భిక్షువులే యనుకొని పారిపోయిరట! పొరుగింటినుండి నిచ్చెన, గడ్డపార, బొక్కెన నొకటి తరువాత నొకటి ఎరువు తెచ్చుకొను గృహస్థులు ఈ కథను గుర్తుంచుకొనుట మంచిది. దీని ఫలితముగా, దాత లేక సొంతముగా యాచించి కట్టుకొను కుటీరము లోపలి కొలత పన్నెండు జానలు పొడవు, ఏడు జానలు వెడల్పు మించరాదని నిర్ణయమయ్యెను. ఆ జాన బుద్ధుని జానయట.

చేసిన మరమ్మతుతో తృప్తి లేనివాని గతియు నందే కలదు. కౌశాంబిలో ఛన్నుడను భిక్షువునకు ఆతని యాశ్రయదాతయైన మంత్రి విహారము కట్టించెను. అది పూర్తియైన తరువాతను ఛన్నుడు దానిపై మరల మరల కప్పు వేయించెను, గోడలకు మరల మరల పూత పూయించెను. బరువు మితిమీరి కట్టడము కూలెను. అంతటితో నాగక, మరల గడ్డియు కట్టెలును ప్రోగుచేయబోయి యొక బ్రాహ్మణుని యవల చేను త్రొక్కి పాడుచేసెను. రెండు మూడు వరుసలకు మించి కప్పు వేయింపరాదనియు, పైరు లేనిచోట నిలిచి పని చూడవలెననియు కట్టడి వచ్చినది. ఎక్కడ నాగవలెనో తెలియుట ఇంటిపనిలో సగము విద్య.

రాజగృహమున ధనియుడను కుమ్మరి కుమారుని కథ వేరు తీరుది. ఆతడు భిక్షువై గడ్డిగుడిసె కట్టుకొనగా, తాను భిక్షకు పోయినప్పుడు గడ్డి, కట్టెలు ఏరువారు దానిని విప్పుకొని పోయిరి. ఇట్లు మూడుసార్లు జరిగెను. నాలుగవసారి ధనియుడు తన కులవిద్యను స్మరించి, పూర్తిగా మట్టితో కుటీరము చేసి, చుట్టును కట్టెలు పేర్చి కాల్చెను. అది ఆరుద్ర పురుగువలె ఎర్రనై, తట్టిన గంటవలె మ్రోగుచు అందమొప్పెను. కాని మట్టిలోని ప్రాణులు చచ్చెనని బుద్ధుడు దానిని పగులగొట్టించెను. అప్పుడు ధనియుడు రాజు ఇచ్చెనని బొంకి, నగరపు మరమ్మతులకై యాపత్కాలమునకు దాచిన కలపను తెచ్చుకొనెను. సంగతి బింబిసారునిదాక పోయెను. పట్టాభిషేకమునాడు శ్రమణ బ్రాహ్మణులకు గడ్డియు, కట్టెయు, నీరును ఇచ్చితినని తమరే యంటిరి గదా యని ధనియుడు వాదించెను. అది అడవిలో నెవరిదియు కాని దానినిగూర్చి యన్నమాట యని రాజు చెప్పి, భిక్షువగుటచే విడిచిపెట్టెను. దొంగతనమునుగూర్చిన కఠిన నియమము ఇంటి కలపనుండి పుట్టినదన్నమాట.

వీనియన్నిటిలో కుటుంబమునకు మిక్కిలి దగ్గరైనది మజ్ఝిమనికాయమునందలి ఘటికారుని కథ. ఇది పూర్వబుద్ధుడైన కాశ్యపుని కాలమున జరిగినట్లు చెప్పబడినది. ఘటికారుడు కుమ్మరి, గ్రుడ్డివారైన వృద్ధ తల్లిదండ్రులను పోషించుచుండెను. వానకాలమున కాశ్యపుని కుటీరము కురియుచుండెను. ఘటికారుని యింట గడ్డి దొరకునేమో చూడుడని భిక్షువులను పంపగా, ఇంటిలో గడ్డి లేదు, ఇంటిపై మాత్రమున్నదని వారు తిరిగివచ్చిరి. అదే తెండని యాజ్ఞ. ఘటికారుడు ఇంట లేడు. కప్పు విప్పుచున్న చప్పుడు విని, ఎవరది యని ముసలివారడిగిరి. కాశ్యపుని కుటీరము కురియుచున్నదని భిక్షువులు చెప్పిరి. తీసికొనిపొండని యా గ్రుడ్డి తల్లిదండ్రులు సంతోషముతో ననిరి. ఘటికారుడు తిరిగివచ్చి సంగతి విని, తనను అంతగా తమవానిగా తలంచిరి గదా యని పక్షము దినములు ఆనందమున నుండెను. ఆతని తల్లిదండ్రులు ఏడు దినములు. ఆ వానకాలము మూడు నెలలు ఆకాశమే యా యింటికి కప్పు. ఒక్క చినుకు లోనపడలేదని కథ. చినుకు పడకపోవుట భక్తుల విశ్వాసము. కాని కప్పులేని యింటిలో కూర్చుండియు కొడుకుతో తగవులాడని ముసలివారి యౌదార్యము విశ్వాసముతో పనిలేకయే మన హృదయములకు తాకును. మరమ్మతు దినములలో ఇంటిని నిలువబెట్టునది అట్టి ఓర్పు.

నవకర్మికుల వ్యవస్థ గ్రంథములకే పరిమితము కాలేదు. అది కృష్ణాతీరమున మన యాంధ్రదేశమున వర్ధిల్లెను. 1926లో వెలుగులోనికి వచ్చిన నాగార్జునకొండ శాసనములలో ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షమున, అనగా క్రీస్తుశకము 3వ శతాబ్దమున, బోధిసిరి యను ఉపాసిక వేయించిన శాసన మొకటి కలదు. ఆమె చుల్లధమ్మగిరిపై చైత్యగృహము కట్టించెను. కంటకసెల, అనగా ఘంటసాలగా పండితులు గుర్తించిన చోటను, మరి పెక్కుచోట్లను మండపములు మొదలగునవి చేయించెను. ఈ పుణ్యములో భాగముగా ఆమె తన పుట్టింటివారిని, మెట్టినింటివారిని వరుసగా పేర్కొనినది. శాసనము చివర ఈ పని చంద్రముఖ, ధర్మనంది, నాగ అను ముగ్గురు నవకర్మికులచే చేయింపబడినదనియు, రాతిపనివాడు విధికుడనియు చెక్కియున్నది. వైశాలిలో మూడుమారులు కూలిన గోడకును, నాగార్జునకొండపై పేరు చెక్కించుకొన్న ముగ్గురు స్థవిరులకును ఇట్లు సంబంధ మేర్పడినది. ధనమిచ్చిన గృహిణి, పని చూచిన భిక్షువులు, ఉలి పట్టిన శిల్పి, చుట్టునున్న బంధువర్గము — నలుగురును ఒకే రాతిపై నిలిచిరి.

పదవితోపాటు దాని దుర్వినియోగమును వచ్చును గదా! ఆళవి భిక్షువులే, గోడకు మట్టిముద్ద పెట్టినంతమాత్రమున, తలుపు బిగించినంతమాత్రమున, నవకర్మాధికారమును ఇరువది, ముప్పది యేండ్లకును, జీవితాంతమునకును ఇచ్చిరట. బుద్ధుడు దానిని నిషేధించి, చిన్న విహారమునకు 5–6 ఏండ్లు, పెద్ద విహారమునకుగాని ప్రాసాదమునకుగాని 10–12 ఏండ్లు అని గడువు విధించెను. ఇంటిపని నెన్నటికిని ముగియనీయని మేస్త్రీలు క్రొత్తగా పుట్టినవారు కారు.

బౌద్ధగ్రంథములు పనివాని సంగతి చూచినట్లు, కౌటిల్యుని అర్థశాస్త్రము పొరుగువాని సంగతి చూచినది. శామశాస్త్రి పండితుడు 1909లో ప్రకటించిన యీ గ్రంథమున గృహవివాదములకు పొరుగువారే ప్రమాణమని యున్నది. వానభయమున్నచోట అరుగు పైభాగమును చాపతో కప్పుకొనవచ్చును. ఇంటివారందరు కలసి యిష్టమైనట్లు కట్టుకొనవచ్చును, కాని యొకరికి కీడైనదానిని నివారింపవలెను. ప్రసవమైన యింట పదిదినములకై వేయు పురిటిపాకకు మినహాయింపు కలదు! రాజనీతిజ్ఞుడు బాలింతను మరువలేదు. వేసవిలో గడ్డికప్పులు తొలగింపవలెననియు, అగ్నిప్రమాదమున పరుగెత్తి రాని యింటియజమానికి 12 పణములు, అద్దెకున్నవానికి 6 పణములు జరిమానా యనియు చెప్పెను. సర్కారు క్వార్టర్లలో నివసించు మనకు ఆ సగము తగ్గింపు ఊరట గూర్చవచ్చును. కాని అద్దెయింటివానికిని ఇంటిపై బాధ్యత కలదన్నదే యందలి యాంతర్యము.

నేటి పరిస్థితి యేమి? 1956లో కేంద్రప్రభుత్వము తన యుద్యోగులకు గృహనిర్మాణపు అడ్వాన్సు పథకము నేర్పరచినది. ఉన్న యింటిని పెంచుకొనుటకును అది యక్కరకు వచ్చును. గ్రామములందు 1985లో ఇందిరా ఆవాస్ యోజనయు, దాని స్థానమున 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌యు వచ్చినవి. కంట్రాక్టరుతో నిమిత్తము లేక లబ్ధిదారుడే తన యిల్లు కట్టుకొనవలెనని వాని నియమము. వైశాలి కుట్టుపనివాడు మరల రంగమున ప్రవేశించినాడు. క్రొత్త పథకమున గ్రామీణ తాపీపనివారికి శిక్షణ యిచ్చుట మెచ్చదగినది. కేరళమున లారీ బేకర్ అను వాస్తుశిల్పి సామాన్యులకై బొమ్మలతో చిన్నపుస్తకములు వ్రాసి, మట్టితోను, ఇటుకతోను తక్కువ వ్యయమున నెట్లు కట్టుకొనవచ్చునో చెప్పెను. ఆయనను మన కాలపు నవకర్మికుడనవచ్చును.

అయినను అప్పు దొరకినంత సులభముగా సలహా దొరకుట లేదు. కలిగినవాని యింటికి ఇంజనీరు వచ్చును. ముప్పదియేండ్లు దూరదేశముల నుద్యోగము చేసి, కూడబెట్టిన సొమ్ముతో స్వగ్రామమున పాతయింటిని బాగుచేసికొనదలచిన చిన్నయుద్యోగికి చెప్పువాడెవడు? పూర్వము పల్లెలో మేనమామయో, పొరుగింటి పెద్దాయనయో వచ్చి గోడ నిలువు చూచి పోవువాడు. బదిలీలలో బ్రతుకు గడిపిన మనకు ఆ మేనమామ దూరమైనాడు. మన సాంస్కృతిక సంఘములలో సివిలు ఇంజనీర్లున్నారు, డ్రాఫ్ట్‌మెన్లున్నారు, విద్యుత్తు పని తెలిసినవారున్నారు. నాటకములకు, ఉగాది వేడుకలకు కూడినట్లే, సభ్యుని యింటి పట్టాను, గోడ పగులును, కప్పు కురియుటను చూచి మంచిమాట చెప్పుటకు నెలకొక్కనాడు కూడినచో అది ప్రాచీనమైన మన సంస్థను పునరుద్ధరించుటయే యగును.

మూడుసార్లు గోడ కూలినను ఆ కుట్టుపనివాడు తన గొంతు విప్పుటకు సిగ్గుపడలేదు. వినువా రుండిరి గనుక ఆ మొర వృథా కాలేదు. నేడు మన యిరుగుపొరుగున కూలుచున్న గోడల చప్పుడు విని, తూకపుగుండు చేతబట్టుకొని పోవుట మన విధి.